సాంచె పగలగొట్టి కొన్న కంప్యూటర్

బీడు ఇనుము వంగదు, పగులుతుంది. ఆ సంగతి మా అన్న సమ్మెట ఎత్తిన రోజున నేను కళ్ళారా చూశాను. ముంబై దగ్గరి కనేరిలో మా కార్ఖానాలో ఉన్నవి నాలుగే సాంచెలు. మరమగ్గాలను మా వాళ్ళు సాంచెలనే అంటారు. మూలనున్నది అన్నది. మీసం రాకముందు నుంచి దాని మీదే నిలబడ్డాడు. అది అరిగిపోయింది, బట్ట నిండా తప్పులే వస్తున్నాయి, తుక్కు ఇనుము కింద భంగార్‌కు వేద్దామని బాపు తేల్చేశాడు. పగలగొట్టడానికి కూలీని పిలుస్తానంటే అన్న ఒప్పుకోలేదు.

"నా సాంచె. నేనే పలగ్గొడ్త" అన్నాడు.

దెబ్బ దెబ్బకూ ముక్కలు ఎగిరి గోడకు తగిలాయి. అరచేతులు చిట్లి నెత్తురు కారుతున్నా ఆపలేదు. అంతా అయ్యాక సమ్మెట కింద పారేసి, గడపలో నిలబడి చూస్తున్న నా దగ్గరికి వచ్చి చెంప మీద ఒకటి పీకాడు. ఎందుకు కొట్టావని నేను అడగలేదు. ఆ ఇనుము అమ్మితే వచ్చే డబ్బుతో కొనబోయేది నా కంప్యూటర్.

ఏర్పాటు బాపుది. బట్టల వ్యాపారం చేసే ఒక సేఠ్, ఇంట్లో కంప్యూటర్ ఉంటే తన బిల్లులు టైపు చేసే పని నాకిస్తానన్నాడు. బాపు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "గా పైసలతోని నీ ఫీజు నువ్వే కట్టుకో. అది ఆగిన్నాడు కాలేజీ బంద్. సాంచెల మీదికి రావాలె."

సాంచెలంటే నాకు ఒళ్ళు మంట, దానికి రెండింతలు భయం. దారం మోసుకుంటూ అటూ ఇటూ దూకే నాడె తప్పిపోయి ఎగిరివచ్చి పక్క షెడ్డులో ఒకాయన కన్ను తీసింది. ఆ నెత్తురు నేను చూశాను. ఆ పనికి నేను పోను గాక పోనని ఒట్టు పెట్టుకున్నాను. అంటే కంప్యూటర్ నడిచి తీరాలి.

తయారుగా ఉన్నది కొనే తాహతు మాకు లేదు. విడి సామాన్లు తెచ్చి ఇంట్లో బిగించుకోవాలని అన్నా నేనూ ముంబై బజారుకు పోయాం. డబ్బు అన్న బనియను జేబులో ఉంది. మా ల్యాబ్ సార్ నాకు ఒకటే చెప్పి పంపాడు. మదర్‌బోర్డు, మానిటర్ పాతవైనా పర్వాలేదు గానీ, హార్డ్ డిస్క్ మాత్రం కొత్తది కొను, చేసిన పనంతా అందులోనే ఉంటుంది అని.

ఈ మాట అన్నకు ఎక్కలేదు. మా వాళ్ళు కొత్త యంత్రాన్ని నమ్మరు. మా సాంచెలన్నీ మూతబడ్డ ముంబై మిల్లుల్లోంచి వచ్చినవే. పాతదాన్ని నడిపించి, చెయ్యి ఆనించి అదురు చూసి, చెవి పెట్టి చప్పుడు విని బేరం చేస్తారు. నడిచిన మిషన్ నడుస్తుంది, నడవనిదాని సంగతి ఎవరికి తెలుసు అన్నది అన్న వాదన.

ప్రాసెసర్ చౌక రకం తీసుకున్నాం. మానిటర్‌కు ఒక మూల గీత ఉంది, అందుకే మాకు అందింది. ర్యామ్ కొంచెం ఎక్కువ కావాలని నేను మొండికేస్తే, అన్న క్యాబినెట్ వద్దన్నాడు. "రేకు డబ్బాకు పైసలెందుకురా? ఇంట్ల నూలు కండెల పెట్టె ఉన్నది గదా, దాంట్ల బిగిద్దాం." ఆ రోజంతటిలో నాకు నచ్చిన మాట అదొక్కటే.

తగాదా హార్డ్ డిస్క్ దగ్గర వచ్చింది. దుకాణదారుడు రెండు పాత డిస్కులకు కరెంటు పెట్టి చూపించాడు. ఒకటి జుమ్మని సన్నగా తిరుగుతోంది. రెండోది మధ్యమధ్య టక్కు టక్కుమంటోంది. అన్న వంగి రెండింటికీ చెవి పెట్టాడు. మొదటిదాన్ని పక్కకు తోసేశాడు.

"గిది సచ్చింది. సప్పుడే లేదు. రెండోది నడుస్తున్నది, గదే తీస్కుందాం."

"అన్నా, టక్కు టక్కంటే ఖరాబైనట్టు. మొదటిదే మంచిగున్నది."

"సప్పుడు లేనిది ఏం మిషన్‌రా? నాకు నేర్పుతున్నవా?"

దుకాణదారుడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుకు నా ఒళ్ళు భగ్గుమంది. "నీకేం తెలుసు? సాంచెలు కొట్టుకునేటోనివి" అని నలుగురిలో అనేశాను. మాట పూర్తి కాకముందే అన్న పిడికిలి నా ముక్కు మీద పడింది. నేను ఆ చెయ్యి పట్టుకుని కొరికాను. కీబోర్డుల దొంతర మీద ఇద్దరం పడ్డాం. పక్క దుకాణాల వాళ్ళు వచ్చి నన్ను మెడ పట్టి ఫుట్‌పాత్ మీదికి గెంటారు. ముక్కు అదిమిపట్టుకుని చూస్తుండగానే టక్కు టక్కు డిస్కుకు అన్న నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. "బాహర్ గయా తో మేరా జిమ్మా నహీ" అన్నాడు దుకాణదారుడు. గుమ్మం దాటితే తన బాధ్యత లేదని. అన్న ఊరికే తలూపాడు.

కండెల పెట్టెలో అన్నీ బిగించాం. అన్న మరలను సాంచె నట్లు తిప్పినట్టు తిప్పుతుంటే బోర్డు పగులుతుందని నేను కేకలు వేశాను, ఇంకో రెండు తిన్నాను. దూది నుసి పడకుండా అవ్వ, అదే మా అమ్మ, తన పాత చీర కప్పింది. నమ్మండి నమ్మకపోండి, కంప్యూటర్ నడిచింది. నేను ఫీజు కట్టాను. పండగ ముందు సేఠ్ పెద్ద పని అప్పగించాడు. అంతా అయ్యాక ఒకేసారి ఫ్లాపీల్లోకి ఎక్కిద్దామనుకున్నాను. పని ముగించి ఎక్కించబోయే ఉదయమే డిస్క్ టకటకా కొట్టుకుని ఆగిపోయింది. చేసిన పనంతా దాంతోనే పోయింది.

సేఠ్ మనిషి వచ్చి గల్లీలో నిలబడి మా ఇంటిల్లిపాదినీ బూతులు తిట్టిపోయాడు. బాపు సాంచెకు కట్టే తోలు పట్టా పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బకే వీపు చీరుకుపోయింది.

"కాలేజీ బంద్. రేపటి సంది సాంచెల మీద నిలవడు!"

"నేను వద్దన్న! మంచిది జుమ్మని తిరుగుతుండె, అన్ననే వద్దన్నడు!" అని గొంతు చించుకున్నాను.

"అబద్ధం బాపూ. దాంట్ల సప్పుడే లేకుండె" అంటూ అన్న కండెల పెట్టె దగ్గరికి పోయి, అందులో ఇంకా తిరుగుతున్న పంఖా మీదికి చెవి వంచాడు. "గిట్లనే ఉండె. చూడుండ్రి, ఇప్పుడు గిది సుత బందైంది. ఏం సప్పుడు లేదు."

పంఖా బుర్రుమని తిరుగుతోంది. బాపుకు వినిపిస్తోంది, నాకు వినిపిస్తోంది. అవ్వ అన్న వెనక్కి పోయి "కొడుకా" అని పిలిచింది. అన్న తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. అయినా తిరగలేదు.

మా దగ్గర చెవుడు అంత తొందరగా బయటపడదు. షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినిపించదు కాబట్టి అందరం అరుస్తాం, సైగలు చేస్తాం. ఇంటికొచ్చినా అరుపులే. సాంచెలు అన్న చెవులు తినేశాయని ఒకే కప్పు కింద ఉన్న మాకెవరికీ తెలియలేదు.

బాపుకు పిచ్చెక్కినట్టయింది. "ఎన్నడి సంది రా? ఎందుకు చెప్పలే?" అంటూ ప్రశ్నకొక దెబ్బ వేశాడు. అన్న చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఏమడుగుతున్నాడో తెలుసుకోవడానికి కళ్ళార్పకుండా బాపు నోటి వంక చూస్తున్నాడు. నా వీపు మంట నేను మరిచిపోయాను. అంత ఏడుపు నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

బాపు ఇచ్చిన హుకుం మాత్రం వెనక్కి తీసుకోలేదు. మర్నాడు పొద్దున నేను కార్ఖానాకు పోయాను. మూడు సాంచెలూ నడుస్తున్నాయి. నేను ఒకదాని ముందు నిలబడి, దాన్ని నడిపి ఆపే పట్టీ మీద చెయ్యి వేశానో లేదో, అన్న అవతలి నుంచి ఉరికి వచ్చి నా కాలర్ పట్టాడు. రెండు చెంపలూ వాయించాడు. "వాన్ని ఇడువురా!" అని బాపు వెనక నుంచి అరుస్తున్నా, గుమ్మం దాకా ఈడ్చుకుపోయి రోడ్డు మీదికి తోశాడు. మోకాళ్ళు గీరుకుపోయాయి.

"మళ్ల లోపలికొస్తే కాళ్లిరగ్గొడ్త! ఫీజు నేను జూస్కుంట. నీ చెవులు మంచిగున్నయి రా, పో!" అని గల్లీ అంతా వినేటట్టు అరిచాడు.