మిక్సింగ్ తెరేసా కొన్న కార్డు

యానాంలో పెళ్ళి వీడియోలు కూర్చే తెరేసాను అందరూ మిక్సింగ్ తెరేసా అనే అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆమెకదే పని. చర్చిలో పెళ్ళయినా, పందిట్లో పెళ్ళయినా తీసినవాళ్ళు తెచ్చి ఇస్తే, కత్తిరించి, పాటలు కలిపి, రెండు గంటల ముచ్చటగా చేసి ఇస్తుంది.

క్యాసెట్ల రోజుల్లో ఆమె గది ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. క్యాసెట్టులోది కంప్యూటర్లోకి ఎక్కడానికి ఒక పూట, ముక్కలన్నీ ఒకటిగా కూడటానికి ఇంకో పూట పట్టేది. ఆ వ్యవధిలో పెళ్ళికూతురి తల్లి ఏ జంతికలో పొట్లం కట్టుకొచ్చి, స్టూలు లాక్కుని పక్కన కూర్చునేది.

"ఆ పచ్చచీర మా ఆడపడుచండి. రెండుసార్లన్నా చూపించకపోతే మళ్ళీ మా గడప తొక్కదు."

"మరి ఈ కళ్ళజోడాయన?"

"తీసెయ్యండి. మాటల్లేవు."

వారం తిరక్కుండా ఆవిడే మళ్ళీ వచ్చేది. "ఉంచెయ్యండి తెరేసాగారూ, మాట్లాడేసుకున్నాం."

చుట్టుపక్కల కనకాలపేటలో, దరియాలతిప్పలో ఎవరికెవరు ఏమవుతారో తెరేసాకు అలాగే తెలిసింది. ఇప్పుడెవరూ రావడం లేదు. ఫోన్లో ఒక మాట చెప్పి ఊరుకుంటున్నారు. పని ఇచ్చేవాడు కూడా వీడియోలు తీసే గణేష్ ఒక్కడే మిగిలాడు. అతను కొన్న కొత్త కెమెరా బొమ్మలేమో ఆమె పాత కంప్యూటర్లో కదలవు. మేళం ముందుకెళ్ళిపోతుంది, పెళ్ళికొడుకు చెయ్యి తాళి దగ్గరే ఆగిపోతుంది.

"ఏమనుకోకండాంటీ," అన్నాడు గణేష్ ఒక రోజు. "చేతిలో మూడు పెళ్ళిళ్ళున్నాయి. మీ దగ్గర లేటైతే కాకినాడలో ఇచ్చేస్తాను."

"కాకినాడవాళ్ళకి మన మనుషులు తెలుసేంట్రా? నడుం వంగిన మామ్మగారు అడ్డొచ్చిందని కత్తిరించి పారేస్తారు."

"నిజవే. మరి మంచి గ్రాఫిక్స్ కార్డు ఏయించండి. పన్నెండు జీబీది, పెద్దది."

గణేష్ పని పోతే ఇక గదికి తాళం వేసుకోవడమే. తెరేసా కంప్యూటర్ పెట్టె పక్క రేకు విప్పి, లోపలి జాగాను టేపుతో కొలిచింది. కరెంటు అందించే డబ్బా మీద రాసున్న వాట్లు చీటీలో రాసుకుంది. గణేష్ ఇచ్చినవాటిలో అడవిపొలం ఊరి పెళ్ళిలో జంట మీద పూలు కురిసే ముక్కను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. ఒక్కో పూరేకూ ఒక్కో దారిన ఎగిరే ఆ ముక్క దగ్గరే కంప్యూటర్ మరీ మొరాయించేది.

కాకినాడ కంప్యూటర్ దుకాణంలో అమ్మకాలు చూసే సుదీప్ మూడు ఫ్యాన్ల కార్డు బల్ల మీద పెట్టాడు. "పన్నెండు జీబీ మేడమ్. ఆటలాడేవాళ్ళంతా ఇదే పట్టుకెళ్తున్నారు."

"ఈ పూలు ఏసి చూపించండి ముందు."

సుదీప్ నవ్వుతూనే ఆమె వాడే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ ముక్క వేశాడు. పూలు గాల్లోనే ఆగిపోయాయి. అతని నవ్వూ ఆగింది. పక్కనున్న చిన్న కార్డు మార్చి చూశాడు. అది ఎనిమిది జీబీలే, ఖరీదూ తక్కువే. ఈసారి పూలు జలజలా రాలాయి.

"అదేంటండీ?" అంది తెరేసా.

సుదీప్ కాసేపు వివరాలు వెతికి చెప్పాడు. "మీ కెమెరా రంగుల్ని ఒక కొత్త పద్ధతిలో మూటకడుతోంది మేడమ్. ఆ మూట విప్పే భాగం ఈ కొత్త తరం కార్డులోనే ఉంది. పెద్దదానికి బలం ఎక్కువే గానీ అది పాత తరం."

"మరి జీబీల సంగతేంటండీ?"

"జీబీలంటే పని చేసుకునే బల్ల అనుకోండి. బల్ల పెద్దదైనంత మాత్రాన పని రాదు కదండీ."

తెరేసా చీటీ తీసి ఇచ్చింది. చిన్న కార్డు ఆమె పెట్టెలో పడుతుంది, ఉన్న కరెంటూ సరిపోతుంది. పెద్దదైతే పెట్టె, కరెంటు డబ్బా రెండూ మార్చాల్సి వచ్చేది.

మర్నాటికల్లా కార్డు ఎక్కింది. ఆ వారంలోనే అడవిపొలం పెళ్ళి కత్తిరింపులు ముగించి, ముక్కలన్నీ కూడమని కంప్యూటర్‌కి చెప్పి, ఎసరు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఎసరు మరిగి, బియ్యం పోసి వచ్చేసరికే పని పూర్తయిపోయి ఉంది. తెరేసా తడి చేతులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. పూర్వమైతే ఈపాటికి పెళ్ళికూతురి తల్లి చెప్పే అటువైపు చుట్టాల పేర్లు కూడా పూర్తయ్యేవి కావు.

గణేష్ వచ్చి, వీడియో అటూ ఇటూ జరిపి చూశాడు. పూల దగ్గర రెండుసార్లు ఆగాడు.

"మిగతా రెండు పెళ్ళిళ్ళూ సాయంత్రం పట్టుకొచ్చేస్తానాంటీ. కాకినాడ మాట మర్చిపోండి."

"పట్టుకురా. ఆ పెళ్ళికూతుళ్ళ తల్లుల్ని కూడా రమ్మను."

"వాళ్ళెందుకండీ? చిటికెలో అయిపోతోంది కదా."

"అందుకేరా. మిగిలిన పూటంతా కూర్చుని మాట్లాడుకోవచ్చు."