మూడు కుర్చీల ఎత్తు

మీరావలి ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే కుర్చీలు పేర్చే పని ఆయనదే. రాత్రి అన్నాలప్పుడు ఇంట్లో తలా ఒకటి వేసుకున్న ప్లాస్టిక్ కుర్చీలను ఒకదాంట్లో ఒకటి దూర్చి, మూడింటినీ ఒక్క కుర్చీ చేసి, వీధి గదిలో కంప్యూటర్ ముందు పెట్టుకునేవాడు. బిస్మిల్లా అని బల్ల అంచును ఒకసారి తాకి, ఎక్కి కూర్చునేవాడు. ఇప్పుడు ఆ పని హుస్సేన్‌బీ చేస్తోంది. భర్త పోయాక ఆ మూడు కుర్చీల మీద కూతురు ఆసిఫా కూర్చుంటోంది.

జగ్గయ్యపేటలో వాళ్ళ వీధి గది అంటే టైపింగ్ షాపు. పెళ్ళి కార్డులు, బళ్ళ ప్రశ్నపత్రాలు, పొలం కాగితాలు, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి తిరిగే లారీ డ్రైవర్ల దరఖాస్తులు, ఏదైనా అక్కడే. బల్ల మాత్రం టైపింగ్ కోసం చేసింది కాదు. మీరావలి తండ్రి దర్జీ. నిలబడి గుడ్డ కత్తిరించుకోవడానికి నడుమెత్తున చేయించుకున్న టేకు బల్ల అది. దర్జీ పని మూలబడ్డాక మీరావలి దాని మీదే కంప్యూటర్ పెట్టాడు. బల్ల ఎత్తయిందని బల్లను మార్చలేదు, కుర్చీ మీద కుర్చీ వేశాడు. "మా నాన్న నిలబడ్డ చోట నేను కూర్చుంటున్నా, అంతే తేడా" అని నవ్వేవాడు.

ఆ బల్ల అంచున రెండు పల్లాలు పడ్డాయి. ఏళ్ళ తరబడి ఆయన మణికట్లు ఆనిన చోట్లు. చెమటకు నల్లబడి, నునుపు తేలి ఉంటాయి. కూతురు లోపల అన్నం తింటున్నప్పుడు హుస్సేన్‌బీ వీధి గదిలోకి వచ్చి తన మణికట్లు వాటిలో పెట్టుకునేది. వెచ్చగా తగిలేవి. కిటికీ ఎండ పడుతుంది కదా, అందుకే అని తనకు తనే సర్దిచెప్పుకునేది. ముసురు పట్టిన రోజున కూడా అలాగే తగిలితే మాత్రం చేతులు చప్పున తీసేసుకుంది.

వంటింట్లో ఉన్నా ఆమె చెవులు వీధి గదిలోనే ఉండేవి. ఒక వరస టకటకలు, కాస్త ఆగడం, మళ్ళీ టకటకలు. మీరావలి చప్పుడు అది. ఆ ఆగిన కాసేపూ ఆయన చెయ్యి విదిలించుకునేవాడు. ఆసిఫా కూర్చున్న మొదట్లో టైపింగ్ ఆగకుండా చినుకుల్లా పడేది. ఒక సాయంత్రం హుస్సేన్‌బీ మెంతికూర ఒలుస్తుంటే ఆ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. ఆయనకు టీ వేళయిందని ఆమె లేచి, పొయ్యి వెలిగించి, గిన్నె పెట్టి, నీళ్ళు కూడా పోసింది. అప్పుడు గుర్తొచ్చింది.

పొయ్యి ఆర్పేసి వీధి గది గుమ్మంలోకి వచ్చి చూసింది. కూతురు కుడిచేతిని కిందికి వేలాడేసి, తడి దులుపుతున్నట్టు విదిలిస్తోంది. అచ్చం ఆయన లాగే, తల కొంచెం పక్కకు వంచి.

"ఏంటే ఆ విదిలింపు?"

"చీమ పాకిందమ్మా."

"రోజూ అదే చీమా?"

ఆసిఫా నవ్వి కంప్యూటర్ వైపు తిరిగింది. కానీ మర్నాడు దువ్వెన తెచ్చి తల్లి ముందు చతికిలబడింది. "జడ నువ్వెయ్యమ్మా. నువ్వేస్తే గట్టిగా ఉంటది."

హుస్సేన్‌బీ చేతిలో జుట్టు అలాగే ఉండిపోయింది. మీరావలి కూడా ఇలాగే, చొక్కా వేసుకొచ్చి ఎదురుగా నిలబడేవాడు. నువ్వు పెడితే గుండీలు ఊడవు అనేవాడు. ముద్దుకు అంటున్నాడనుకుని మురిసిపోయింది. తర్వాత ఆయన చేతిలోంచి టీ గ్లాసులు జారడం మొదలైంది. ఆ తర్వాత అన్నం ముద్ద చెయ్యడం రాలేదు. బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి, సాయంత్రాలు కాపడం పెట్టేది ఆమె. "హాయిగా ఉంది" అని ఆయన లేచి వెళ్ళి మళ్ళీ అక్కడే కూర్చునేవాడు. ఆయన పోయింది జ్వరంతోనే. కానీ చివరి రోజు ఆ చెయ్యి పట్టుకుంటే వేళ్ళు తిరిగి పట్టుకోలేదు. అది జ్వరం వల్లో, ఆ నొప్పి వల్లో ఆమె ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడు ఆ చెయ్యే పిల్లకు వస్తోంది.

ఆ సాయంత్రం ఉప్పు మూట తెస్తే ఆసిఫా ముఖం తిప్పుకుంది. "వద్దమ్మా. నాన్న వాసనొస్తోంది."

ఆయన నొప్పి ఎక్కడికీ పోలేదు, ఆ పల్లాల్లోనే కూర్చుని ఉంది, పిల్ల చేతులు ఆనగానే ఎక్కింది. హుస్సేన్‌బీ మనసులో ఇదే తిరిగింది. ఎవరితో అంటుంది? అంటే దిష్టి తీయించమంటారు. కూతురిని బలవంతాన బస్సెక్కించి నందిగామ తీసుకుపోయింది. అక్కడ కృపావతి అని ఫిజియోథెరపీ చేసే ఆవిడ ఉంది.

కృపావతి ఆసిఫా చేతిని ఇటూ అటూ వంచి చూసింది. "ఏ వేళ్ళకమ్మా తిమ్మిరి?"

"బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలండి."

"చిటికెన వేలికి?"

"దానికి లేదండి."

"నిద్రలో లేపుతోందా?"

ఆసిఫా తల్లి వైపు చూడకుండా తలాడించింది.

"టైపు చేసేటప్పుడు ఎట్లా కూర్చుంటావో, చేతులు పెట్టి చూపించు."

ఆసిఫా మోచేతులు కిందికి దించి, అరచేతులు పైకెత్తి, దాదాపు రొమ్ము ఎత్తున గాలిలో పెట్టింది. కృపావతి నవ్వింది. "ఇదేం టైపింగమ్మా, ప్రహరీ గోడ పట్టుకుని అవతలింటి వాళ్ళతో కబుర్లు చెప్పినట్టుంది."

ఆసిఫా కూడా నవ్వింది. హుస్సేన్‌బీకి నవ్వు రాలేదు. "వాళ్ళ నాన్నకీ ఇదేనండి. వంశంలో వస్తదా?"

"కొందరికి వస్తుందండి. మీ ఇంట్లో మాత్రం నాకు బల్ల మీదే అనుమానం. ఇద్దరూ ఒకే బల్ల మీద చేశారు కదా?"

ఆ మాట కృపావతి మామూలుగానే అంది. హుస్సేన్‌బీ మాత్రం కూతురి చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది.

కృపావతి తన చేతి మీదే చూపిస్తూ చెప్పుకొచ్చింది. మణికట్టు లోపల ఇరుకు దారిలో ఒక నరం పోతుంది. మణికట్టు పైకి విరిగినట్టు పెట్టి, కింద అంచు ఒత్తుకుంటూ గంటల తరబడి కూర్చుంటే అది నలుగుతుంది. బల్ల మోచేతుల ఎత్తుకు ఉండాలి, చెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా తిన్నగా పోవాలి, పాదాలు నేలకు ఆనాలి. కీబోర్డును వెనక ఎత్తి పెట్టే బుల్లి కాళ్ళు మడిచెయ్యాలి. మౌస్ పక్కనే ఉండాలి, చాచి అందుకోకూడదు. అరగంటకోసారి లేచి, అరచెయ్యి గోడకు ఆనించి మెల్లగా సాగదియ్యాలి. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ పెట్టుకోవాలి, బిగించి మాత్రం కట్టకూడదు.

"కాపడం పెట్టొచ్చాండి?" అని అడిగింది హుస్సేన్‌బీ.

"గోరువెచ్చగా పెడితే కాసేపు సుఖంగా ఉంటుంది. తిమ్మిరెక్కిన చేతికి కాలుతున్నదీ తెలియదు, చూసుకోండి. సుఖంగా ఉందని మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చుంటే లాభమేంటి? పాప చేతిలో పట్టు ఇంకా పోలేదు. ఇట్లాగే వదిలేస్తే పోతుంది. నెలలో తగ్గకపోతే డాక్టరుకి చూపించండి."

తిరుగు బస్సులో ఆసిఫా చాలాసేపు కిటికీలోంచి లారీలను చూస్తూ కూర్చుని, "కొత్త బల్ల కొనుక్కుందామమ్మా, నాన్న బల్ల లోపల పెట్టుకుందాం" అంది. హుస్సేన్‌బీ బస్సు దిగగానే వడ్రంగి ఇంటి వైపు నడిచింది.

మర్నాడు వడ్రంగి సాంబయ్య వచ్చాడు. బల్ల చుట్టూ తిరిగి, కాళ్ళు తడిమి చూసి, రంపం కిందే పెట్టాడు.

"ఇది మా నాయన చేసిన బల్ల చెల్లెమ్మా. కాళ్ళు నరకమంటే నాకు చేతులెట్లా వస్తయ్? బావ ఉంటే నన్ను గుమ్మం ఎక్కనిచ్చేవాడా? కొత్తది చేసిస్తా, దీన్ని లోపల వేసుకో."

"నేనూ అదే అన్నా మామయ్యా" అంది ఆసిఫా.

"లోపల వేస్తే నేను దాని దగ్గరే ఉంటా సాంబయ్యన్నా" అంది హుస్సేన్‌బీ. "ఏదో ఒక రోజు పిల్లని కూడా నేనే పిలిచి కూర్చోబెడతా. నాకు తెలుసు. కొయ్యి."

సాంబయ్య రంపం అందుకున్నాడు. ఆసిఫాను ఒక్క కుర్చీలో కూర్చోబెట్టి, మోచేయి మడిపించి, కొలత తీసుకుని, బల్లను తిరగేసి కోశాడు. నాలుగు ముక్కలూ ఒకటొకటిగా నేల మీద పడ్డాయి. బల్లను నిలబెట్టాక ఇల్లంతా పాత టేకు వాసన నిండింది. అతను అంచు మీద చెయ్యి వేసి ఆగాడు.

"ఇదీ గుండ్రంగా తియ్యాలంటివి. బావ చేతులు పడ్డ చోటు."

హుస్సేన్‌బీ దగ్గరకు వచ్చి వంగింది. బల్ల ఇంత కిందికి వచ్చేసరికి ఆమె మొదటిసారి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. రెండు మణికట్లూ ఆ పల్లాల్లో ఆనించింది. ఈసారి కూడా వెచ్చగానే ఉన్నాయి. ఆసిఫా అటు తిరిగి నిలబడింది.

"తియ్యన్నా" అంది హుస్సేన్‌బీ, చేతులు తీసుకుని.

చిత్రిక పట్టిన కొద్దీ నల్లటి పొర చుట్టలు చుట్టుకుని రాలింది. లోపలి చెక్క పసుపుగా, ఎవరూ తాకనట్టు బయటపడింది.

సాయంత్రం వంటింట్లో ఉండగా టకటకలు మొదలయ్యాయి. హుస్సేన్‌బీ గరిటె పట్టుకుని వింటూ నిలబడింది. చాలాసేపు సాగి, ఆగిపోయాయి. ఆమె గరిటె పక్కన పడేసింది. గబగబా వచ్చి చూసింది. ఆసిఫా లేచి, అరచెయ్యి గోడకు ఆనించి నిలబడి ఉంది.

"అరగంట అయిందమ్మా. ఫోన్లో అలారం మోగింది."

"నొప్పి?"

"ఉందిలే. ఒక్కరోజులో పోతదా? జడ ఇంకా నువ్వే వెయ్యాలి."

"వేస్తాలే."

పొద్దున్నే హుస్సేన్‌బీ అలవాటుగా కుర్చీలు వీధి గదిలోకి మోసుకొచ్చింది. ఒకటి బల్ల ముందు వేసింది. రెండోదాన్ని ఎత్తి దాంట్లోకి దించబోయి, గాలిలోనే ఆపింది. ఆసిఫా వచ్చి ఆ ఒక్క కుర్చీలో కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి.

"మిగతా రెండూ పేర్చి మూల పెట్టెయ్యమ్మా, వచ్చేవాళ్ళకి అడ్డం."

హుస్సేన్‌బీ చేతిలోని కుర్చీని బల్ల పక్కన దించింది. ఇంకొకటి గుమ్మం దగ్గర, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు, కొంచెం వాలుగా ఉంది. దాన్ని కూడా చూసింది. పేర్చకుండానే వంటింట్లోకి వెళ్ళింది.