మామిడిపండును నిషేధించిన దేశం

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. రాసిన ప్రతి మాటా నిజమై ఉండాలన్నది ఒకటి, రాసినదాని కింద నా పేరు పడాలన్నది రెండోది. ఈ రెండూ ఉన్నవాడు ఫిల్మ్‌నగర్‌లో పనికి చేరకూడదని నాకెవరూ చెప్పలేదు (చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి). రోజూ మోతీనగర్‌లో స్కూటీ ఎక్కి, మధురానగర్ సందుల్లోంచి దూరి, ఒక టిఫిన్ సెంటర్ పైనున్న డబ్బింగ్ స్టూడియోకి చేరేవాణ్ణి. వేరే భాషల బొమ్మలకి తెలుగు మాటలు రాయడం నా పని. రెండేళ్లు రాశాను. గొంతు ఇచ్చినవాళ్ల పేర్లు పడేవి, శబ్దం కలిపినవాడి పేరు పడేది, కరెంటు పోయిన రోజు జనరేటర్ నడిపిన వాచ్‌మన్‌కి కూడా ఒకసారి కృతజ్ఞతలు పడ్డాయి. మాటలు రాసిన నా పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ బొమ్మలు వాటంతటవే తెలుగు నేర్చుకున్నాయా? ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

స్టూడియోలో అందరికీ పెద్దదిక్కు పెదాలన్న. అసలు పేరు వేరే ఉందిగానీ జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. షేక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి, డబ్బింగ్‌లో తలపండినవాడు. తెర మీద మనిషి పెదాలు ఎక్కడ కలిస్తే, తెలుగు మాటలో సరిగ్గా అక్కడే ప, బ, మ లాంటి పెదాలు కలిసే అక్షరం పడాలి. లేకపోతే బొమ్మ నోరు ఒక దారి, మాట ఒక దారి అయిపోతాయి. డబ్బింగ్ పనికి ఇది మొదటి పాఠం. పెదాలన్నకి ఇదే చివరి పాఠం కూడా. తెరకి జానెడు దూరంలో నిలబడి, తన పెదాలు కూడా కదుపుతూ, చేపల తొట్టిలోకి తొంగిచూస్తున్నవాడిలా ఉండేవాడు. బొమ్మలో ఏనుగుని చూపించి గాడిద అన్నా ఆయనకి అభ్యంతరం లేదు, పెదాలు కలిస్తే చాలు.

అలాంటి చోటికి ఇండోనేషియా మీద గంటసేపటి డాక్యుమెంటరీ వచ్చింది. అక్కడి తిండీ, ఆచారాలూ, అడవులూ, వింతలూ. ఒక విదేశీ అమ్మాయి ఊరూరా తిరుగుతూ చెబుతుంది. "ఈ బొమ్మకి నీ పేరు ఏపిస్త తమ్మీ, ఫికర్ జెయ్యకు. 'తెలుగు మాటలు' అని తెర మీద ఒక్కనివే పడ్తవ్" అన్నాడు పెదాలన్న. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. వెంటనే నాన్నకి చెప్పాను. నాన్న మిషన్ స్కూల్లో ముప్పయ్యేళ్లు భూగోళం చెప్పి రిటైరైన మాస్టారు. తప్పు రాసినవాడికి అర మార్కు కూడా దానం చెయ్యని మనిషి. సొంత కొడుకు ఒకసారి నైలు నదిని పొరపాటున పక్క ఖండంలో పారించినందుకు క్లాసంతా చూస్తుండగా బెంచీ ఎక్కించిన మహానుభావుడు. (ఆ కొడుకు ఎవరో మీకు వేరే చెప్పాలా?)

"సినిమావాళ్ల దగ్గర నిజమనేదానికి కుర్చీ వెయ్యరురా" అన్నారు నాన్న. "ఒక్క ముక్క తప్పుండదు నాన్నా, పూచీ నాది" అన్నాను. ఆ మాటకి ఆయన ముఖం వెలిగింది. పాత అట్లాసు దించి, దుమ్ము దులిపి, నాలుగు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాసిచ్చారు. భూమధ్యరేఖ ఆ దేశంలో ఏ దీవుల మీదుగా పోతుందో, అగ్నిపర్వతాల బూడిద పడిన నేలలో వరి ఎందుకంత బాగా పండుతుందో, సోయా గింజల్ని పులియబెట్టి టెంపే అనే వంటకం ఎలా చేస్తారో, అన్నీ గుండ్రటి అక్షరాలతో. దురియన్ అనే పండు కింద ఎర్రగీత కూడా గీశారు. పైన ముళ్లు, లోపల వెన్నలాంటి గుజ్జు, వాసన మాత్రం ఎంత ఘాటంటే చాలా హోటళ్లలోకి తీసుకురావద్దని బోర్డులు పెడతారు. ఆ నాలుగు పేజీల్నీ వేదవాక్యంగా పెట్టుకుని నేను మాటలు రాశాను.

రికార్డింగ్ రోజున పెదాలన్న దురియన్ దగ్గర బొమ్మ ఆపేశాడు.

"ఇదేంది తమ్మీ, యాడికెల్లి పట్కొచ్చినవ్ ఈ పండు? జర ఆమె నోరు సూడు. రెండుసార్లు మూసింది. నీ దురియన్ల పెదవి ఒక్కసారన్న కలుస్తున్నదా?"

"పండు పేరే అది అన్నా! మనం మార్చడానికి అదేమన్నా మనం పెట్టిన పేరా?"

"పేరుతోని నాకేం పని? రెండు మూతలు గావాలె."

సర్దుకుపోదామని, కనీసం ముళ్లైనా ఉంటాయి కదా అని, "పోనీ పనస అందాం" అన్నాను. (నాన్నా, క్షమించండి.) పెదాలన్న కళ్లు మూసుకుని పెదాలు కదిపి లెక్కేశాడు. "పనసల ఒక్కటే ఉన్నది. చాలది." మళ్లీ కదిపాడు. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది.

"మామిడి! మా, మి. రెండు! బరాబర్ కూసుంటది."

"అన్నా, తెర మీద ముళ్లపండు కనిపిస్తోందన్నా! మామిడిపండు కంపని హోటళ్లలోకి రానివ్వరంటే జనం మనల్ని కొట్టరా?"

"సూసెటోడు పండును సూడడు తమ్మీ, నోరును సూస్తడు" అన్నాడాయన, శిలాశాసనం చెక్కిస్తున్నట్టు.

అంతటితో ఆగిందా? కుళ్లిన మాంసం కంపు కొట్టే, బండి చక్రమంత రఫ్లీసియా పువ్వు బంతిపువ్వైంది. బాలిలో ఏటా ఒకరోజు దీవంతా మౌనంగా ఉంటుంది. దీపాలుండవు, బండ్లు తిరగవు, విమానాలు కూడా దిగవు. ఆ రోజున ఆ అమ్మాయి గదిలో కిటికీ వైపు తిరిగి నిమిషంపాటు నోరు విప్పకుండా నిలబడుతుంది. ముఖం కనబడని చోట ఎంత మాటైనా కూరెయ్యొచ్చన్నది డబ్బింగులో రెండో పాఠం. మౌనమంటే పెదాలన్నకి ఖాళీ జాగా. "అబ్బబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి! చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది!" అంటూ నిమిషమంతా వసపిట్టలా వాగించాడు. నాన్న రాసిన నాలుగు పేజీల్లో చెక్కుచెదరకుండా బతికి బట్టకట్టింది ఒక్క టెంపే. అది కూడా నిజం కాబట్టి కాదు. "గిది మంచి మాట, మధ్యల పెదవి మంచిగ కలుస్తది" అని ఉంచాడు.

నేను కాగితాలు బల్ల మీద కొట్టాను. ఆ దేశం మీదా, మామిడిచెట్టు మీదా, మా నాన్న మీదా ఇంత అన్యాయం జరుగుతుంటే ఊరుకోనని గట్టిగా అరిచాను. కింద టిఫిన్ సెంటర్‌లో దోసెలు తింటున్నవాళ్లు తలెత్తి చూశారట. పెదాలన్న మాత్రం చల్లగా అడిగాడు: "గిప్పుడు ఒక్కటే చెప్పు. పేరు గావాల్నా, పండు గావాల్నా?"

నేను సత్యం కోసం రాజీనామా చేసి మెట్లు దిగిపోయానని రాసుకోవాలని నాకూ ఉంది. కానీ ఆ రోజున నా నోట్లోంచి చాలా చిన్నగా వచ్చిన మాట, "పేరే ఉంచన్నా."

ఆదివారం సాయంత్రం నాలుగింటికి టీవీలో వస్తుందని నాన్న చర్చిలో అందరికీ చెప్పేశారు. మా ముందుగదిలో పాస్టరుగారు, పక్కింటి ఆంటీ, నాన్న దగ్గర ట్యూషన్‌కొచ్చే పిల్లలు చాపల నిండా కూర్చున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నిజం చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను, మూడుసార్లూ అమ్మ దాంట్లో చెగోడీ పెట్టింది. మొదట్లోనే 'తెలుగు మాటలు' అంటూ నా పేరు పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండేళ్లుగా దాని కోసమే బతికినవాణ్ణి, అది పడుతున్నప్పుడు నేను గోడవైపు చూస్తున్నాను.

పావుగంటకి ఆ అమ్మాయి ముళ్లపండు చేత్తో పట్టుకుని, "ఈ మామిడిపండు కంపు భరించలేక ఇక్కడి హోటళ్లలో నిషేధించారు!" అంది. పెదాలు మాత్రం అద్భుతంగా కలిశాయి.

"అదేంటండీ మాస్టారూ, అది మామిడిపండా? కంపా?" అన్నారు పాస్టరుగారు. ట్యూషన్ పిల్లలు కూడా నాన్నవైపు తిరిగారు. తప్పు ఎక్కడ కనబడినా ఎర్రసిరా తీసే మనిషి. నేను మళ్లీ బెంచీ ఎక్కడానికి సిద్ధపడ్డాను.

నాన్న కళ్లజోడు తీసి, నెమ్మదిగా తుడుచుకుని, నావైపు ఒక్కసారి చూశారు.

"అక్కడి మామిడి వేరండీ" అన్నారు. "మన రసాల్లాంటివి కావు. ఆ మామిడి వాసన మనం తట్టుకోలేం."

కాసేపటికి పక్కింటి ఆంటీ, "అంత బంతిపువ్వుంటుందా అన్నయ్యగారూ?" అంది. "భూమధ్యరేఖ దగ్గర ఎండా వానా రెండూ ఎక్కువమ్మా, అన్నీ పెద్దగానే పెరుగుతాయి" అన్నారు నాన్న, తడుముకోకుండా. ముప్పయ్యేళ్లలో ఆడని అబద్ధాలన్నీ ఆ గంటలో నా కోసం ఆడేశారు.

అందరూ వెళ్లాక, "నాన్నా..." అన్నాను. "పేరు బాగానే పడింది. అక్షరాలే కాస్త చిన్నవి" అని అట్లాసు తీసి అటక మీద పెట్టేశారు. మర్నాడు పొద్దున ట్యూషన్ పిల్లలకి మాత్రం పాఠం మొత్తం సరిచేసి చెప్పారు. నేను వంటింట్లో నిలబడి విన్నాను. దురియన్ దగ్గర గొంతు కొంచెం పెంచారు, నాకు వినబడాలనే అనుకుంటా.

ఆ రోజే కోపంగా స్టూడియోకి వెళ్లి, జరిగిందంతా చెప్పి, మీ వల్ల మా నాన్న అబద్ధమాడాల్సి వచ్చిందని పెదాలన్న మీద విరుచుకుపడ్డాను. ఆయన తెర మీద ఆడుతున్న బొమ్మ ఆపాడు. నావైపు తిరిగి, "గాయన డబ్బింగ్‌ల ఉండాల్సినోడు తమ్మీ" అన్నాడు.

ఇప్పుడు ఆ తెర ముందు నేనే నిలబడుతున్నాను. మొన్న కొత్తగా చేరిన ఒక అమ్మాయి, పండు పేరు మార్చనంటే మార్చనని నా మీద కాగితాలు విసిరినంత పని చేసింది. ఆమె పేరూ ఉంచాను, పండూ ఉంచాను. ఆ ఒక్కచోటా బొమ్మ నోరూ మాటా కలవకపోతే కలవకపోయాయి. అయినా నా కళ్లు ఇంకా పెదాల మీదికే పోతాయి, పాడలవాటు. అందుకేనేమో, ఆ ఆదివారం తలుచుకుంటే తెర మీది అమ్మాయి గుర్తుకురాదు. నాన్నే గుర్తొస్తారు. "అక్కడి మామిడి వేరండీ" అన్నప్పుడు ఆయన పెదాలు రెండుసార్లు కలిశాయి, కొంచెం వణికాయి కూడా.