రికార్డింగు చివర్లో తెలుగు

ఫిబ్రవరి చివర్లో ఢిల్లీలోని ఒక విశ్వవిద్యాలయం ఆర్కైవ్స్ నుంచి ఈమెయిల్ వచ్చింది. పరిశోధక విద్యార్థుల చదువులు, హాస్టల్ జీవితం గురించి పాత విద్యార్థుల చేత చెప్పించి, రికార్డు చేసి భద్రపరిచే విభాగం అది. మా ఆవిడ వసుంధర పెళ్లికి ముందు అక్కడే పీహెచ్‌డీలో చేరింది. మూడేళ్ల క్రితం వాళ్లు పిలిస్తే వెళ్లి మాట్లాడి వచ్చింది. ఆ రికార్డింగు అందరికీ వినిపించవచ్చా, మూసి ఉంచాలా, ఒకసారి విని చెప్పమని నన్ను అడిగారు. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. మూసి ఉంచమనే చెప్పదలచుకున్నాను. అయితే చెప్పే ముందు ఒక్కసారి వినాలనిపించింది.

మేముండేది ఢిల్లీ పక్కనే, ఇందిరాపురంలో. మెట్రోకి వైశాలి వెళ్లాలి. షేర్ ఆటోలవాళ్లు పొద్దున్నుంచీ ‘వసుంధర, వసుంధర’ అని కేకలు వేస్తుంటారు. అది పక్క కాలనీ పేరు. కొన్నాళ్లుగా ఆ స్టాండు తప్పించి, చుట్టూ తిరిగి నడిచి వెళ్తున్నాను. ఆర్కైవ్స్‌కి బయలుదేరిన రోజూ అంతే. రద్దీ తగ్గాక తొమ్మిదిన్నరకు బ్లూ లైన్ ఎక్కి, రాజీవ్ చౌక్‌లో దిగి, ఉత్తరం వైపు వెళ్లే ఎల్లో లైన్‌కి మారాను. గంట ప్రయాణం, టికెట్టు యాభై రూపాయలకు అటూ ఇటూ. స్టేషన్ బయట బూరుగు చెట్లు పూసి ఉన్నాయి. ఈ-రిక్షా అతను గేటు దాకా ఇరవై రూపాయలన్నాడు. బేటీ అడ్మిషనా అని అడిగితే, కాదు, నా పనే అన్నాను. నన్ను పైకీ కిందకీ చూసి, “అచ్ఛా! అయితే స్టూడెంట్ రేటు, పది ఇవ్వండి చాలు” అన్నాడు.

ఆర్కైవ్స్ లైబ్రరీ కింది అంతస్తులో ఉంది. సంచి లాకర్లో పెట్టించి, ఆధార్ చూసి లోపలికి పంపారు. లోపల పెన్ను వాడకూడదు, పెన్సిలే. అక్కడి బాధ్యురాలు మెహ్రా మేడమ్ టీ తెప్పించి విషయం చెప్పారు. రికార్డింగు చాలావరకు హిందీ, ఇంగ్లీషుల్లో ఉంది. చివర్లో కొంత తెలుగు. ఇక్కడి సిబ్బందిలో ఎవరికీ అర్థం కాలేదు. స్వరం చూస్తే కూతురితో మాట్లాడుతున్నట్టుంది. ఇంటి విషయమేమోనని బయటివాళ్లెవరికీ వినిపించకుండా మొత్తం ఆపి ఉంచారట. దాని కోసం ఒక పరిశోధక విద్యార్థిని ఎదురుచూస్తోందని దూరపు బల్ల వైపు చూపించారు. రమ్య. ఫరీదాబాద్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. హాస్టళ్లలో ఉండి పరిశోధన చేసిన ఆడవాళ్ల జీవితం ఆ అమ్మాయి అంశం. లేచి నమస్తే అంకుల్ అంది. ఇంకేమీ అడగలేదు. అడిగితే కాదనడం తేలికయ్యేది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మొదట దగ్గు. తర్వాత వసుంధర.

హాస్టల్లో హీటరు నిషేధమట. ఇస్త్రీపెట్టె తిరగేసి, దానిమీద అప్పడాలు కాల్చేవారట. ఈ కథ నాకు తెలుసు. ఇంట్లో చెప్పినప్పుడు వార్డెన్ వచ్చి ఇస్త్రీపెట్టె లాక్కుపోయేది. ఇక్కడ వార్డెన్ మంచం మీద కూర్చుని రెండు అప్పడాలు తిని వెళ్లింది. ఏది నిజమో ఇక అడగలేను. గైడ్ రిటైరవడం, వాళ్లమ్మకు జబ్బు చేయడం, మూడు అధ్యాయాల దగ్గర సిద్ధాంత గ్రంథం ఆగిపోవడం రెండు ముక్కల్లో తేల్చేసింది.

తర్వాత తెలుగు, పావుగంట దాకా. అందులో కొన్ని మాటలు ఇవి.

“అమ్మాయ్, నువ్వెవరో నాకు తెలీదు. ఇక్కడ చదువుకోడానికొచ్చిన తెలుగుపిల్లవైతే నీకే చెప్తున్నా. వీళ్లకి అర్థం కాదులే, నిదానంగా విను. మెస్సులో రాజ్మా బాగాలేదని తిండి మానకు. మీ గైడు మూణ్ణెల్లు పలక్కపోతే తప్పు నీదనుకోకు. నాలాగా మధ్యలో ఆపాల్సొస్తే ఆపు. కానీ చదివిందంతా వృథా అని ఎవరన్నా అంటే మాత్రం నమ్మకు. నేను నమ్మలేదు.”

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. కూతురితోనేనా అని మేడమ్ మెల్లగా అడిగారు. మాకు పిల్లలు లేరని చెప్పాను. రమ్యను పిలిచి, తెలుగు అర్థమవుతుందా అమ్మా అని అడిగాను.

“సమఝ్ మే ఆతా హై అంకుల్. బోల్నా థోడా ముష్కిల్ హై.” అర్థమవుతుంది గానీ మాట్లాడటమే కొంచెం కష్టమని.

“మాట్లాడక్కర్లేదు. విను చాలు.”

ఆ భాగం దగ్గర పెట్టి ఇచ్చాను. రాజ్మా మాటకు నవ్వింది. తర్వాత నవ్వలేదు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంది. చివరికి ఒక్కో మాటా కూడదీసుకుని తెలుగులోనే అంది: “ఆంటీ మూడు నెలలే చెప్పారు అంకుల్. నాకు నాలుగు అయ్యాయి.”

మేడమ్‌తో, అందరికీ తెరవండి అని చెప్పి సంతకం చేశాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో రాజ్మా చావల్ తిన్నాను. అరవై రూపాయలు. వద్దని రమ్య ముందే హెచ్చరించింది. మా ఆవిడ ఈ క్యాంపస్ రాజ్మాను తిట్టేదని వంటాయనతో అంటే, ఆమె తిన్నది తన చేతి వంట అయివుండదని, నేను తిన్నాకే తీర్పు చెప్పాలని పంతం పట్టాడు. ఉప్పు తగ్గింది. ఠీక్ హై భయ్యా అన్నాను. తర్వాత సాయంత్రం నాలుగున్నర దాకా ఆ తెలుగును కాగితం మీదకి ఎక్కించాం. నేను పెన్సిల్‌తో రాశాను, రమ్య పక్కన హిందీలో అర్థం టైపు చేసింది. కొంత మిగిలింది. వచ్చే శుక్రవారం మళ్లీ వెళ్తున్నాను. వాళ్ల దగ్గర తెలుగు రికార్డింగులు ఇంకా ఉన్నాయట, చూసిపెట్టగలరా అని మేడమ్ అడిగారు. సరే అన్నాను.

తిరుగు మెట్రోలో సీటు దొరికింది. ఆ గొంతు నా ఒక్కడికే మిగలాలనుకుని పొద్దున బయలుదేరాను. ఆమె మాత్రం ముఖం తెలియని ఒక పిల్ల కోసం మాట్లాడి పెట్టింది. అది ఆ పిల్లకు చేరింది. చేర్చే పనిలో నాకూ కొంత భాగం దొరికింది. ఈ ఎనిమిది నెలల్లో మరుసటి వారం కోసం చూడటం ఇదే మొదటిసారి.

వెళ్లేవారికి ఒక సూచన. అక్కడి కాటలాగులో తెలుగు పేర్లను ఇంటిపేరుతో వెతికితే దొరకవు. మన పేరులో చివర ఉన్నదే ఇంటిపేరు అనుకుని నమోదు చేస్తారు. వసుంధర అని అడగండి, ఇస్తారు. చివరి దాకా వినండి.