రుబియెమ్ చేతి బరకతు

సుంబర్‌కెపూ ఊళ్లో పెళ్లయినా, సున్తీ అయినా, పోయినవాళ్ల పేరు మీద నలభయ్యో రోజు ప్రార్థన అయినా తేదీ కంటే ముందు ఖాయం చేసుకోవాల్సింది ముసలి రుబియెమ్‌ని. వంట ఆమె వండదు. వండినవన్నీ తెచ్చిపెట్టే గదికి ఆమె కాపలా. అన్నం గంపలు, మేకమాంసం కూర డేగిసాలు, పులియబెట్టిన సోయాగింజల టెంపె వేయించిన ముక్కల బుట్టలు ఒకసారి ఆ గదిలోకి వెళ్లాయంటే ఆమె చేతి మీదుగా తప్ప బయటికి రావు. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటుంది. విందు అయ్యేదాకా మూడు రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. స్నానం చెయ్యదు. కాపలామనిషి ఒంటి మీద నీళ్లు పడితే గదిలో అన్నం ఆ నీళ్లతోపాటే కొట్టుకుపోతుందని ఆ ఊరి నమ్మకం.

ఇన్నేళ్లలో రుబియెమ్ కూర్చున్న విందులో అన్నం చాల్లేదన్న మాట రాలేదు. ఎలా వస్తుంది? ఆమె గరిటె అన్నాన్ని తీసేది కాదు, పలకరించేది. పళ్లెంలో పిల్లికి పెట్టినంత ముద్ద. మాంసం ముక్క పడిందో లేదో తెలియాలంటే పులుసు పక్కకి తోసి వెతుక్కోవాలి. మళ్లీ అడగడం మర్యాద కాదు కనక అతిథులు నాలుగు మెతుకులు తిని, ఆతిథ్యం బ్రహ్మాండమని చెప్పి, ఇంటికెళ్లి పొయ్యి రాజేసుకునేవాళ్లు. మర్నాడు గది తలుపు తీసి మిగిలిన గంపలు చూస్తే మాత్రం అందరికీ ఒళ్లు పులకరించేది.

"ఊరంతా తిన్నా ఇంత మిగిలిందంటే చూడండి! మ్బా చెయ్యి మామూలు చెయ్యి కాదు, ఎంత తీసినా తరగని బరకతున్న చెయ్యి."

ఆవిణ్ని ఊరు ఊరంతా మ్బా అనే పిలుస్తుంది, అవ్వా అన్నట్టు. ఆ పిలుపు విందుల రోజుల్లోనే. మిగతా రోజుల్లో ఆమె కర్రపెండలం ముక్కలు ఎండబెట్టుకునే ఒంటరి ముసలిది. దారికి అడ్డం వస్తే కుర్రాళ్ల మోటార్‌సైకిళ్లు హారన్ కొట్టి తప్పుకోమంటాయి. విందు వచ్చిందంటే అవే మోటార్‌సైకిళ్లు ఆమె గుమ్మంలో ఆగి, మెల్లగా ఎక్కు మ్బా, జాగ్రత్త మ్బా అంటాయి. ఆ తేడా రుబియెమ్‌కి బాగా తెలుసు.

లూరా, అంటే ఊరిపెద్ద, తన కూతురి పెళ్లి పెట్టుకున్నాడు. వియ్యాలవారు పట్నంవాళ్లు. లూరా భార్య వినార్ని కూడా ఒకప్పుడు పట్నంలో చదివింది. ఆ చదువు ఆమెకి ఏం మిగిల్చిందో గానీ, ఊళ్లో ఏం చూసినా ముక్కు ముడుచుకోవడం మాత్రం బాగా అలవాటు చేసింది. పట్నం నుంచి కేటరింగువాళ్లని పిలిపిద్దామంది. లూరా ఒప్పుకోలేదు. ఎన్నికలు దగ్గరలో ఉన్నాయి. ఊరివాళ్లు ఆకలితో వెళ్లినా ఓటేస్తారు, రుబియెమ్‌ని పిలవకపోతే వెయ్యరు. చివరికి మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి ముసలిదాని ఇంటికి వచ్చారు.

"మ్బా, మీరు కూర్చోవాలి. కానీ రెండు మాటలు." వినార్ని మొదలుపెట్టింది. "ఒకటి, గరిటె నిండుగా వెయ్యాలి. మా వియ్యాలవారి ముందు కాకిముద్దలు పెడితే నాకు తలకొట్టేసినట్టుంటుంది."

"వేస్తానమ్మా."

"రెండోది, పెళ్లిరోజు పొద్దున స్నానం చెయ్యాలి. మూడు రోజుల చెమటతో మీరు గుమ్మంలో కూర్చుంటే పట్నం ఆడవాళ్లు అన్నం ముట్టరు."

రుబియెమ్ లూరా వైపు చూసింది. లూరా చూరు వైపు చూశాడు, ఓటర్లు అక్కడ కూర్చున్నట్టు.

"ఎన్నడూ చెయ్యలేదు బాబూ."

"కష్టమైతే చెప్పండి మ్బా, పట్నంవాళ్లకి ఫోన్ చేస్తాను," అంది వినార్ని, చేతిసంచిలో ఫోన్ తడుముతూ. "ఇక్కడ ఒకసారి చూశారంటే రేపు ఊళ్లో అందరూ వాళ్లనే పిలుస్తారు. ఎవరికీ శ్రమ ఉండదు."

అందులో బెదిరింపు ఎంతుందో రుబియెమ్‌కి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. లూరా ఇంట్లో సీసాల్లో నీళ్లు తాగితే ఆరు నెలల్లో ఊరు సీసాల్లోకి మారింది. లూరా ఇంట్లో కేటరింగు వస్తే తన పీట పొయ్యిలోకే.

"చేస్తాలెమ్మా స్నానం," అంది.

పెళ్లిరోజు పొద్దున వినార్నే దగ్గరుండి సబ్బుబిళ్ల, తువ్వాలు ఇచ్చి ఆమెని స్నానాలగదిలోకి పంపింది. రుబియెమ్ గడియ పెట్టుకుంది. తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచి దభీ దభీమని నేల మీద పోసింది. సబ్బుని గోడకి రుద్దింది. ముంగురులు మాత్రం వేళ్లతో తడుపుకుని, ఒంటి మీద చుక్క పడకుండా అంచున నడిచి, బట్టలు మార్చుకుని, మొహానికి పౌడరు దట్టించి బయటికి వచ్చింది.

"చూశారా, ఎంత హాయిగా ఉందో!" అంది వినార్ని.

"ప్రాణం లేచొచ్చిందమ్మా," అంది రుబియెమ్.

మధ్యాహ్నానికి స్పీకర్లు పాటలతో దద్దరిల్లుతున్నాయి. వస్తామన్న రెండు బస్సులకి బదులు పట్నం నుంచి నాలుగు దిగాయి. పెళ్లికొడుకు మేనత్త తోటికోడలి చుట్టాలు కూడా పల్లెటూరి గాలి కోసం వచ్చారు. వినార్ని పట్టుచీరంత గట్టిగా నవ్వు బిగించుకుని గుమ్మం పక్కనే నిలబడింది. రుబియెమ్ గరిటె తేలిగ్గా పైకి లేచినప్పుడల్లా గొంతు సవరించుకునేది. గరిటె మళ్లీ లోపలికి దిగేది.

ఆ రోజు పళ్లేలు బరువుగా వెళ్లాయి. లావుపాటి ఆయనొకడు పళ్లెం అందుకుని, "ఇదే భోజనం!" అన్నాడు. మళ్లీ వచ్చాడు. పట్నంవాళ్లకి మళ్లీ అడగడం తప్పని ఎవరూ నేర్పినట్టు లేదు. ఓ ముసలాయన మాంసం ముక్క రెండువేళ్లతో ఎత్తి పక్కాయనకి చూపించాడు. తను పెట్టిన అన్నం తింటున్న మొహాల్ని రుబియెమ్ ఎప్పుడూ చూసి ఎరగదు. ఆమె చూపు ఎప్పుడూ గంపల మీదే. రెండు మూడుసార్లు, వినార్ని గొంతు సవరించకపోయినా గరిటె నిండుగానే లేచింది.

ఆ తర్వాత గరిటె డేగిసా అడుగున గీసుకుంది.

చప్పుడు చిన్నదే. వెనక వాకిట్లో తమ వంతు కోసం కూర్చున్న ఊరివాళ్లందరికీ వినబడింది. వాళ్లింకా తినలేదు. బియ్యం తెచ్చింది వాళ్లు, కట్టెలు కొట్టింది వాళ్లు. ఆడవాళ్లు గుమ్మం దగ్గర గుమిగూడారు. ఖాళీ గంపలు చూసి ఒకామె గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయిపోయిందా? మ్బా చేతిలో అయిపోవడమా!"

వంటమనిషి గినెమ్ మసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాలుగు బస్సులు దిగితే అయిపోదూ మరి? గరిటె కూడా..."

"నువ్వూరుకోవే. బస్సులకీ బరకతుకీ ఏం సంబంధం?" అని కసిరింది ఇంకొకామె.

లూరా చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ముందు అతిథులు తేనుస్తున్నారు, వెనక ఓటర్లు మాడుతున్నారు.

"ఏమైంది మ్బా?"

అందరూ ఆమె నోటి వంక చూస్తున్నారు. ఒంటి మీద చుక్క నీళ్లు పడలేదని ఆమెకొక్కదానికే తెలుసు. ఆ మాట చెబితే మిగిలేది ఒక్కటే: ఆ చేతిలో ఏమీ లేదు, ఏనాడూ లేదు. రేపటి నుంచి ఆ మోటార్‌సైకిళ్లు హారన్ కొట్టడానికే.

రుబియెమ్ గరిటె కింద పెట్టింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"స్నానం చేశాను బాబూ," అంది.

వాకిలంతా ఒక్కసారి గొల్లుమంది. "యా అల్లా! ఎవరు చెయ్యమన్నారు?"

రుబియెమ్ ఎవరి పేరూ చెప్పలేదు. తల వంచుకుని, పట్టుచీర అంచు వైపు మాత్రం చూసింది. అది చాలు.

"శుభ్రంగా ఉంటుందని కదా అన్నాను," అంది వినార్ని. "అన్నం అయిపోతే నేనేం..."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?" లూరా గొంతు వాకిలి చివరికి వినబడేలా లేచింది. "పెద్దావిణ్ని పట్టుకుని స్నానం చేయిస్తావా? ఊరి ఆచారమంటే లెక్కలేదా?" తను ఆ రోజు చూరు వైపు చూసిన సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు. వచ్చే శుక్రవారం ఊరందరికీ మళ్లీ విందు పెడతానని, మ్బాయే కూర్చుంటుందని, ఆమె ఒంటి మీద చెమట తప్ప చుక్క పడదని అక్కడికక్కడే మాటిచ్చాడు. ఆకలితో ఉన్న ఊరు చప్పట్లు కొట్టింది.

సాయంత్రం గినెమ్ పళ్లెంలో అడుగంటిన మాడు, కాస్త పులుసు తెచ్చి రుబియెమ్ ముందు పెట్టింది. మూడు రోజుల తర్వాత ఆమె మొదటి ముద్ద అది.

"మ్బా, మీకో మాట చెప్పనా? బస్సెక్కుతూ ఆ పట్నంవాళ్లు ఏమన్నారో తెలుసా? పుట్టి ఇంత తృప్తిగా ఎక్కడా తినలేదట. ఆ గరిటె పట్టుకున్న ముసలావిడ చెయ్యి చల్లగా ఉండాలన్నారు."

రుబియెమ్ నోటి దగ్గర ముద్ద ఆగింది.

"ఎవరన్నారే? ఆ లావుపాటాయనా?"

"ఆయనా అన్నాడు. మాంసం ముక్క చూపించిన ముసలాయనా అన్నాడు."

"ఇంకా ఏమన్నారు?"

గినెమ్ చెప్పింది. రుబియెమ్ అంతా విన్నది. విని, ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది.

"ఈ మాట ఎవరితోనూ అనకు గినెమ్," అంది. "కడుపునిండా పెట్టానని తెలిస్తే నన్నింకెవరు పిలుస్తారు?"