స్విచ్చి దగ్గర మనిషి

ముప్పై నాలుగేళ్లు లిఫ్టులు బాగుచేసిన ఆయనకు ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంది. లిఫ్టు గోతిలోకి దిగేవాడు ముందు పైగదిలో మెయిన్ స్విచ్చి ఆపి, దాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టి దిగాలి. వేలు పోయిన రోజు నిలబెట్టినవాడు మంచివాడు. ఐదో అంతస్తులో ఒక ముసలావిడ సంచులతో అరగంటగా నిలబడి ఉందని ఎవరో వచ్చి చెబితే, పాపం ఒక్క నిమిషమే కదా అని స్విచ్చి వేశాడు.

ఆ తర్వాత ఆయన స్విచ్చి దగ్గర మంచివాళ్లను పెట్టలేదు. ఎవరు అరిచినా పలకని ఒక మొండి మనిషిని వెతికి పెట్టుకున్నాడు. ఇద్దరికీ ఒక్కరోజు కూడా పడలేదు. పదిహేనేళ్లు కలిసి పనిచేశారు.

ఆయన రిటైరైన రెండో ఏడు వాళ్ల అన్న మెదడులో రక్తం గడ్డకట్టి పడిపోయాడు. నలభై రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇక స్పృహ రాదని డాక్టర్లు మొదటి వారమే చెప్పారు. తీసేయమనడానికి ఎవరికీ నోరు రాలేదు. వదిన కొడుకు వైపు చూసేది, కొడుకు బాబాయి వైపు చూసేవాడు, ఈయన గోడ గడియారం వైపు చూసేవాడు.

అన్న పోయాక నెల తిరక్కుండా ఆస్పత్రి నుంచి తన కోసం ఒక ఫారం తెచ్చుకున్నాడు. నాలుగు పేజీలు. కోలుకునే ఆశ లేనప్పుడు గొంతులో గొట్టం వద్దు, ఆగిన గుండెను మళ్లీ కొట్టించవద్దు, నొప్పి తెలియకుండా మందు మాత్రం ఇవ్వండి. ఇదంతా అరగంటలో నింపేశాడు. తాను మాట్లాడలేనప్పుడు తన తరఫున మాట్లాడే మనిషి పేరు రాయమన్న చోట పెన్ను ఆగింది.

భార్య ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. తలుపు తట్టినవాణ్ణి ఊరికే పంపలేక కొన్న చీపుళ్లు ఇంట్లో తొమ్మిది ఉన్నాయి. ఆమె చెల్లెలు అందుకు పూర్తిగా ఎదురు. ఒక ఆఫీసు కౌంటర్లో దరఖాస్తులు తీసుకుంటుంది. తీసుకోవడం కంటే తిప్పి పంపడమే ఎక్కువ. సొంత బావ చిరునామా మార్పు ఫారానికే రెండుసార్లు కొర్రీ వేసింది. యముడొచ్చినా రెండు ఫొటోలు, ఒక జిరాక్సు అడుగుతావని ఆయన ఇరవై ఏళ్లుగా ఆమెను ఏడిపిస్తున్నాడు.

ఆ గడిలో మరదలి పేరు రాశాడు.

భార్య చూడనే చూసింది. "ముప్పై ఎనిమిదేళ్లు మీతో కాపురం చేసింది నేను. పేరేమో దానిదా?"

"నువ్వు మంచిదానివి," అన్నాడు ఆయన.

ఆమెకది తిట్టులా తగిలింది. ఐదు రోజులు అవసరమైనంత వరకే మాట్లాడింది, అదీ టీవీ వైపు చూస్తూ.

ఆదివారం మరదలు వచ్చింది. ఆయన విషయం చెప్పి ఫారం చేతికిచ్చాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వరసా వేలుతో చదువుతూ నాలుగో పేజీ చివర ఆగింది. విషయం తమకు తెలుసని ఇంటివాళ్లు సంతకం చేసే చోటు అది.

"ఇది ఖాళీగా ఉంది బావా."

అది తప్పనిసరి కాదని నోటరీ చెప్పాడన్నాడు ఆయన.

"ఆయనకు కాకపోవచ్చు. రేపు నేను వద్దన్నప్పుడు నాకు ఎదురుగా నిలబడేది అక్కే. ఇలా అయితే నేను తీసుకోను." ఫారం బల్ల మీదికి తిరిగొచ్చింది.

వంటింట్లోంచి అంతా వింటున్న భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేను కాళ్లు పట్టుకుని అడిగినా గొట్టం వెయ్యనివ్వవా?"

"వెయ్యనివ్వనక్కా."

"ఏడ్చినా?"

"ఏడిస్తే పక్కన కూర్చుంటా. వెయ్యనివ్వను."

ఆయన సగం వేలు నిమురుకుంటూ కూర్చున్నాడు. భార్య కుర్చీ లాక్కుని, చెల్లెలి మొహం కాసేపు చూసి, పెన్ను తీసుకుని సంతకం చేసింది.

"చిన్నప్పట్నుంచీ ఇది ఇంతే," అంది భర్తతో. ఐదు రోజుల్లో ఆయన మొహం చూసి అన్న మొదటి మాట అది.

మరదలు ఫారం తీసుకుని మళ్లీ చూసి, అక్క ముందుకు జరిపింది.

"తేదీ వెయ్యలేదు."