మిలిటరీ సంచి ఎవరు ఉతకాలి

నెత్తురు మరక మీద వేడినీళ్ళు పోయకూడదు. పోశారో, అది గుడ్డను పట్టుకొని ఇక వదలదు. ఆళ్ళగడ్డలో మా అత్తవారింట్లో ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. వేట సంచులు ఉతికేది నేనొక్కదాన్నే కదా మరి! మగవాళ్ళు నల్లమలకు పోతారు, వస్తారు, అరుగు మీద కూర్చొని మీసాలు దువ్వుకుంటారు. సంచి మాత్రం నా కాళ్ళ ముందు పడుతుంది. నంద్యాలలో పెరిగిన నేను పెళ్ళయ్యేదాకా వేట మాంసం కంటితో చూసిన పాపాన పోలేదు. కాపురానికొచ్చాక మాత్రం కుందేలు నెత్తురుకు ఏం చేయాలో, పంది కొవ్వుకు ఏం చేయాలో చేతులే నేర్చుకున్నాయి.

డెబ్బయ్యో దశకం చివర్లో ఒక ఎండాకాలం. పొద్దున్నే మా మరిది అడవి నుంచి వచ్చి బావి దగ్గర సంచి విసిరేశాడు. చూస్తే అది మా సంచి కాదు. పక్కింటి పిన్నమ్మది.

పక్కిల్లు ముస్లిములది. పిన్నమ్మ భర్త మిలిటరీలో చేసి వచ్చాడు, వచ్చిన కొన్నాళ్ళకే పోయాడు. ఆమె మిషను కుట్టి కూతుర్ని పెంచి, నంద్యాలలో ఇచ్చింది. ఆయన భుజానికి తగిలించుకొని ఊళ్ళో బస్సు దిగిన కాకీ సంచి అది. మూత లోపల ఆయన నంబరు ఇంకా ఉంది. ఎవరికీ ఇచ్చేది కాదు. బనగానపల్లెకు పోయి మామిడికాయలు తెస్తానని మా మరిది బతిమాలితే, కూతురి కాన్పుకు పోవాలి, అప్పటికల్లా తెచ్చియ్యాలని చెప్పి మరీ ఇచ్చింది. ఆ సాయంత్రమే ఆమె ప్రయాణం.

సంచిలో చెయ్యి పెట్టగానే బిరుసు వెంట్రుకలు గుచ్చుకున్నాయి.

“ఏందిది? పందా?”

“పందే. మన సంచి దారిలో తెగిపాయ. యాడ పెట్టుకొచ్చేది?”

“మామిడికాయలంటివే ఆమెతో!”

“ఉతికెయ్ వదినా. నువ్వు ఉతికినాక కనిపెట్టే మొగోడు యాడ పుట్టినాడు?”

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఉతికాను. సంచిని లోపలిది బయటికి తిరగేసి, చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టాను. నీళ్ళు ఎర్రబడ్డప్పుడల్లా పారబోసి మళ్ళీ నింపాను. కుట్లలో ఇరుక్కున్న వెంట్రుకలు వేపపుల్లతో ఒక్కొక్కటే లాగాను. జిడ్డుకు కుంకుడు రసం, ఇత్తడి బకిల్సుకు చింతపండు. ఎండలో గోడ మీద ఆరేస్తే మధ్యాహ్నానికి పెళపెళమంది. మా అత్త దాంట్లో ముఖం పెట్టి వాసన చూసింది.

“ఏమీ లేదు. ఇచ్చేసి, నోరు మూసుకొని రా.”

“చెప్పి ఇస్తా అత్తా.”

ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. మా మరిది లేచి నిలబడ్డాడు. “చెప్తే వీధంతా తెలుస్తది వదినా! ఫారెస్టోళ్ళు వస్తే పట్టకపోయేది నన్ను!”

“పట్టకపోనీ. పందిని కొట్టేటప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా?”

మా ఆయన అటు తిరిగి బీడీ ముట్టించాడు. అత్త మాత్రం వదల్లేదు. “కడిగినాక మైల యాడుంటది మే? నీకు పిచ్చి గాని.”

పెరట్లో మూడు రాళ్ళ మీద పంది కూర ఉడుకుతోంది. ఆ కుండ మా వంటింటి గడప ఏనాడూ దాటలేదు. మా అత్త దాటనియ్యదు. దానికి గరిటె వేరు, మూత వేరు, ఆఖరికి దాన్ని తోమే పీచు కూడా వేరు.

“అట్లయితే ఆ కుండ బాగా కడిగి తెస్తా. రేపటి నుంచి దాంట్లోనే మన పప్పు వండుకుందాం, పా” అన్నాను.

నాకు ఒళ్ళు మండిపోతోంది. పుట్టబోయే బిడ్డకని పిన్నమ్మ మిగిలిన గుడ్డముక్కలు అతికి చిన్న చిన్న చొక్కాలు కుట్టడం నేను రోజూ చూస్తున్నాను. అవీ, ఆమె నమాజు చాపా పోయేది ఈ సంచిలోనే. నేను కొత్తగా వచ్చి పెరట్లో ఏడ్చుకుంటుంటే గోడ మీద నుంచి “తిన్నావా అమ్మీ?” అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. అట్లాంటి మనిషిని తెలిసి తెలిసి మోసం చేయమంటారా నన్ను!

పోయాను. ఆమె బట్టలన్నీ మంచం మీద సర్దుకొని సంచి కోసమే చూస్తోంది. చెయ్యి చాపింది.

“ఉతికినా పిన్నమ్మా. మరక లేదు, వాసన లేదు. కానీ దీంట్లో అడవిపంది మాంసం తెచ్చినారు. చెప్పకుండా ఇచ్చేకి నాకు మనసు రాలేదు.”

చాపిన చెయ్యి వెనక్కి పోయింది. “పో” అంది. నా ముఖం మీదే తలుపు వేసింది.

మంచిపని చేశావమ్మా అంటుందని ఆశపడ్డాను కాబోలు. సంచితోనే తిరిగి ఇంటికి రాగానే అత్త అందుకుంది. “ఏమాయ? నెత్తిన పెట్టుకునిందా నిన్ను?”

గదిలోకి పోయి నా ట్రంకుపెట్టెను మంచం మీద బోర్లించాను. పెళ్ళి చీరలన్నీ కుప్పగా పడ్డాయి. అది మా నాయన కొనిచ్చిన పెట్టె. దాన్ని ఎవరికిచ్చేదానికైనా నాకు ఒకరి సెలవు అక్కర్లేదు. చంకన పెట్టుకొని మళ్ళీ పోయి తలుపు కొట్టాను. ఆమె పెట్టె చూసింది, నన్ను చూసింది. పెట్టె లోపలికి లాక్కుంది. సాయంత్రం బస్సుకు దాన్ని నెత్తిన పెట్టుకొని పోయింది.

సంచిని మా పంచలో మేకుకు తగిలించాను. దాని కింద నడిచినప్పుడల్లా మా మరిది తల వంచేవాడు. వీధిలో జీపు చప్పుడైతే పెరట్లోకి దూరేవాడు. ఏ జీపూ మా కోసం ఆగలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

మనవడు పుట్టాడు. పిన్నమ్మ తిరిగొచ్చిన రోజు పెట్టె తెచ్చి మా అరుగు మీద దించింది. నా వైపు చూడనైనా చూడలేదు.

“అబ్బీ, బయటికి రా. ఆ సంచి తీసకరా.”

మా మరిది తెచ్చాడు. “వదిన శుభ్రంగా ఉతికింది పిన్నమ్మా...”

“ఆయమ్మి చెప్పింది. మైల చేసింది ఆయమ్మి కాదు కదా? నువ్వు ఉతుకు. ఈడనే, నా కండ్ల ముందర.”

“ఉతికితే వాడుకుంటావా?”

“వాడుకుంటానో, కాల్చేస్తానో నా ఇష్టం. మా ఆయన సంచి మీ ఇంట్లో ఉండకూడదు, అంతే.”

ఇరుగుపొరుగు తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తన తువ్వాలు కూడా తాను పిండుకోని మనిషి మా మరిది. వాళ్ళన్న వైపు చూశాడు. మా ఆయన బీడీ పారేసి “ఉతుకు పో” అన్నాడు. అన్ని రోజుల తర్వాత ఆ సంగతి మీద ఆయన నోరు విప్పడం అదే.

మరిది బట్టలుతికే బండ ముందు గొంతుకూర్చున్నాడు. సంచి తిరగేయడమే చేతకాలేదు. కడకు స్నానానికి కాగుతున్న నీళ్ళ కోసం చెంబు చాపాడు.

“వేడినీళ్ళొద్దు. చన్నీళ్ళు పొయ్యి. కుట్ల కాడ బాగా రుద్దు” అన్నాను.

నువ్వు పోయి అందుకో అని అత్త నాకు కళ్ళతో సైగ చేస్తూనే ఉంది. ఆడది గడప మీద నిలబడకూడదని రోజూ తిట్టే అత్తే. ఆ రోజు గడప మీదే నిలబడ్డాను, చేతులు కట్టుకొని, అతను ఆఖరి నీళ్ళు పిండేదాకా.